హనుమకొండకు ఒక చదవని పుస్తకంతో

డిసెంబరు చివరి ఆదివారం పొద్దున ఏడూ పదిహేనుకు ఖమ్మంలో రైలెక్కాను. నా సంచిలో ఒక నీళ్ల సీసా, మా వదినకు అరకిలో కాజాలు, ఎలాగైనా వదిలించుకోవాలనుకున్న ఒక పుస్తకం ఉన్నాయి.

ఆ పుస్తకం సంగతి ముందే చెప్పాలి. మా వీధి చివరి ఇంట్లో ఒక పెద్దాయన ఉంటారు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఒక నవల రాసి, సొంత ఖర్చుతో అచ్చు వేయించి, నాలుగేళ్ల కిందట వీధిలో ఇంటింటికీ పంచారు. ఆరువందల పేజీలు. నేను మూడో పేజీ దాకా వెళ్లాను. అక్కడ ఇంకా సూర్యోదయం అవుతూనే ఉంది. అంతటితో మూసి బీరువా మీద పెట్టేశాను. పాల ప్యాకెట్ల దగ్గర ఎదురైనప్పుడల్లా ఆయన "చదివారా అమ్మా?" అని అడుగుతారు. "చదివాను సార్, ముగింపయితే అద్భుతం!" అంటాను. నాలుగేళ్లుగా ఇదే మాట. ఇంట్లో ఆ పుస్తకం కనిపించినప్పుడల్లా నాకే సిగ్గేసేది.

అలాంటప్పుడు వరంగల్ నుంచి సరోజన వదిన ఫోన్ చేసింది. ఆమె మా ఆయనకు అక్క. కాశిబుగ్గలో మగ్గం మీద జంపఖానాలు నేస్తుంది.

"హనుమకొండల ఒక పుస్తకాల దుకాణముందే పద్మా. ఏటా కొత్త సంవత్సరం ముంగట అందరు తలా ఒక పుస్తకం పొట్లం కట్టి తెస్తరు. ఎందుకు నచ్చిందో మీద ఒక ముక్క రాయాలె, పేరు రాయొద్దు. ఎవలది ఎవలకు పోతదో తెల్వది. రారాదు, మంచిగుంటది."

పేరు రాయొద్దు అన్న మాట దగ్గరే నేను టికెట్ కొనేసుకున్నట్టు లెక్క.

రైల్లో పక్కసీటామె నా ఒళ్లోని పొట్లం చూసి, "స్వీట్లా అక్కా?" అంది. పుస్తకమన్నాను. "అంత లావు పుస్తకమా!" అని మళ్లీ నా వైపు తిరగలేదు. డోర్నకల్‌లో చాయ్, మహబూబాబాద్‌లో సమోసా. తొమ్మిదీ పదికి వరంగల్‌లో దిగాను. స్టేషన్ బయట కాశిబుగ్గకు షేర్ ఆటోలు దొరుకుతాయి, బేరం అక్కర్లేదు.

వదిన వేడివేడి సర్వపిండి పెట్టింది. తింటుండగా నా పొట్లం తీసుకుని మీద నేను రాసిన చీటీ పైకి చదివింది. "ఈ నవల నన్ను మూడు రాత్రులు నిద్రపోనివ్వలేదు."

"నిజంగ చదివినవా?"

"చదవకుండా రాస్తానా వదినా!"

వదిన కొత్త జంపఖానా ఒకటి చుట్టి చంకన పెట్టుకుని ఆటో ఎక్కింది. పోచమ్మమైదాన్ దాటి, ములుగు రోడ్డు మీదుగా పదకొండుకు పది నిమిషాలుండగా హనుమకొండ చౌరస్తాలో దిగాం.

దుకాణం ఒక టైలరు షాపు పైన ఉంది. మెట్లు ఇరుకు. పైకి వెళ్తే మూడు గదులనిండా పుస్తకాలు, కిటికీకి కాగితపు నక్షత్రం, కింద పరచడానికి వదిన తెచ్చిన జంపఖానా. నడిపే ఆమె పేరు శ్రీలత, నలభై ఏళ్లుంటాయి. వచ్చినవాళ్లందరి పొట్లాలూ ఒక పెద్ద గంపలో వేయించింది. కాలేజీ పిల్లలు, ఒక నర్సు, ఇద్దరు టీచర్లు, మా వదినకు తెలిసిన నేతవాళ్లు, ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు కాంటా వేసే మల్లేశం. మొత్తం ముప్ఫై మంది దాకా ఉంటాం. అందరూ ఎవరి పేరు వాళ్లు చెప్పాలంది శ్రీలత. నేనూ లేచి, "పద్మావతి, ఖమ్మం నుంచి" అని హుందాగా కూర్చున్నాను. ఆ హుందాతనం అరగంట నిలిచింది.

గంపలోంచి నాకు వచ్చింది మేకల పెంపకం మీద ఒక పలుచని పుస్తకం. "దీన్ని చదివినంక మేకను చూసే చూపే మారింది" అని చీటీ. నాది మల్లేశం చేతికి వెళ్లింది. ఆయన పొట్లం విప్పి, చీటీ చదివి, చాలా సంతోషపడ్డాడు.

"మూడు రాత్రులు నిద్రలేదట! గిట్లాంటిదే గావాలె నాకు" అని మొదటి పేజీ తిప్పాడు. అక్కడ ఆగి, గొంతు సవరించుకుని పైకి చదివాడు. "ఖమ్మం వాస్తవ్యురాలు, సాహిత్యాభిమాని శ్రీమతి పద్మావతి గారికి, అభిమానంతో..."

పెద్దాయన చేత్తో రాసిన ఆ పేజీ ఒకటుందని నాకు తెలియదు. మూడో పేజీ దాకా వెళ్లానన్నాను కదా, మొదటి పేజీ నుంచి వెళ్లలేదు.

అందరూ నా వైపు చూశారు. వదిన మాత్రం కిటికీ నక్షత్రాన్ని చూస్తోంది. భుజాలు కదులుతున్నాయి.

"నువ్వేనా అక్కా? మంచిదాయె" అన్నాడు మల్లేశం పాపం ఏ కల్మషమూ లేకుండా. "ఏడ మంచిగుంటదో జర చెప్పు, ఆడికెల్లే మొదలువెడత."

"మధ్యలో" అన్నాను. ఎవరడిగినా మధ్యలో అనే చెప్పొచ్చని నా ధైర్యం.

ఆయన మధ్యలో తెరిచాడు. తెరుచుకోలేదు. ప్రెస్సులో కోత తప్పి, అక్కడ పదహారు పేజీలు పైఅంచున ఒకదానికొకటి కలిసే ఉన్నాయి. మల్లేశం పుస్తకాన్ని వెలుగుకు పట్టి, వేలితో తడిమి, కాంటా వేసే మనిషికి ఉండే శ్రద్ధతో అడిగాడు.

"అక్కా, ఇవి అతుక్కునే ఉన్నయి గదా. నువ్వెట్ల చదివినవ్?"

గది గొల్లుమంది. నేను జంపఖానా చారలు లెక్కపెట్టాను. శ్రీలత నవ్వాపుకుంటూ బల్ల సొరుగులోంచి చిన్న చాకు తెచ్చి నా చేతిలో పెట్టింది. "శిక్షేం లేదు మేడం. ఆ పేజీలు మీరే కోసి, మీరే చదివి వినిపించండి. సరిపోతది."

కోశాను. మొదటి పేజీ గొణిగాను. రెండో పేజీలో ఒకడు సంతలో బర్రెను కొన్నాడు. ఆ బర్రె సాయంత్రమయ్యేసరికి అమ్మినవాడి ఇంటికే వెళ్లి పాలిస్తోంది. కొన్నవాడి భార్య చెంబు పట్టుకుని అక్కడికి వెళ్తే అమ్మినవాడి భార్య అంటుంది: "బర్రె మీదేనమ్మా. అలవాటు మాది."

మల్లేశం తొడ మీద చరుచుకున్నాడు. నర్సు కళ్లు తుడుచుకుంది. నా గొంతు దానంతటదే పెరిగింది. ఇద్దరాడవాళ్లకూ రెండు గొంతులు పెట్టాను, పంచాయితీ పెద్దకు ముక్కుతో మాట్లాడే గొంతు. పదహారు పేజీలయ్యాక ఆపితే "ఇంకా చదువు, ఇంకా చదువు" అన్నారు. నాకూ ఆపాలని లేదు. నాలుగేళ్లు బీరువా మీద ఉన్నది ఈ పుస్తకమేనా అనిపించింది.

ఇంతలో మల్లేశం అట్ట వెనక ఉన్న రచయిత నంబరు చూసి ఫోన్ కలిపాడు. నేను వద్దు వద్దని చేతులూపుతుండగానే స్పీకర్ పెట్టేశాడు.

"సార్, హనుమకొండకెల్లి మాట్లాడుతాన. మీ పుస్తకం చదువుకుంటాన్నం. ముప్పై మందిమి నవ్వుతాన్నం సార్."

అవతల నుంచి పెద్దాయన మెల్లగా అడిగారు. "ఎక్కడ నవ్వారు బాబూ?"

"అలవాటు మాది అన్నకాడ."

"అక్కడ నవ్వుతారనే రాశాను" అన్నారాయన. "ఇన్నాళ్లకు ఒకరు చెప్పారు. ఎవరిచ్చారు బాబూ మీకా పుస్తకం?"

మల్లేశం నా వైపు చూశాడు. నేను చేతులు జోడించాను. ఆయన వెంటనే, "ఎవలో అక్క సార్. గొంతు మంచిగున్నది" అన్నాడు. అబద్ధంలో నన్ను అంత మర్యాదగా కాపాడినవాళ్లు లేరు. కానీ ఆ పెద్దాయన గొంతు విన్నాక ఊరుకోలేకపోయాను. ఫోన్ తీసుకున్నాను.

"సార్, నేను పద్మావతిని. పుస్తకం నాదే. ఇవ్వాళ్టిదాకా చదవలేదు. అబద్ధం చెప్పాను. క్షమించండి."

"తెలుసమ్మా" అన్నారాయన.

"ఎట్లా సార్?"

"మీరు ప్రతిసారీ ముగింపు అద్భుతమనేవారు. దానికి ముగింపు లేదమ్మా. అది మొదటి భాగం. రెండోది ఇంకా నా దగ్గర కాగితాల్లోనే ఉంది."

ఈసారి వదిన నక్షత్రాన్ని చూడలేదు. జంపఖానా మీద పడి నవ్వింది. ఫోన్‌లో ఆయనా నవ్వుతున్నారు. నేనూ నవ్వక తప్పలేదు. నవ్వులు ఆగాక శ్రీలత ఫోన్ దగ్గరికి వంగి, "ఆ కాగితాలు పట్టుకుని రాండి సార్, ఉగాదికి ఇక్కడే చదువుకుందాం" అంది. వస్తానన్నారు. ఖమ్మం నుంచి వెంట తీసుకొచ్చే పని నాకు పడింది.

బయల్దేరేముందు మల్లేశాన్ని పక్కకు పిలిచి బేరం పెట్టాను. నవల నాకు తిరిగిచ్చెయ్, మేకలు నువ్వు తీసుకో అని.

"ఇచ్చినంక వాపస్ ఉంటదా అక్కా?" అన్నాడు పుస్తకాన్ని అంగీ లోపలికి దోపుకుంటూ. "చదివినంక పంపిస్త. ఫికర్ చెయ్యకు. గని జర లేటైతది, నేను పొల్లుపోకుండ చదువుత."

వెళ్లాలనుకునేవాళ్లకు నా సలహా ఒక్కటే. చదివిన పుస్తకమే తీసుకెళ్లండి. చదవనిదైతే మొదటి పేజీ చూసుకోండి.

చౌరస్తా దగ్గర మెస్సులో రెండింటికి భోంచేశాం. "బర్రె నాదే పద్మా, అలవాటు నీది" అని వదిన ప్రతి ముద్దకూ ఒకసారి అన్నది. ఐదూ నలభైకి వరంగల్ స్టేషన్‌లో నన్ను రైలెక్కించి, కిటికీలోంచి జామకాయలిచ్చి వెళ్లింది.

నెక్కొండ దాకా ఊరికే కూర్చున్నాను. తర్వాత మేకల పుస్తకం తెరిచాను, మొదటి పేజీ నుంచే. ఏ ఆకు పెట్టాలి, వానాకాలం గిట్టలు ఎలా చూడాలి, ఈనే ముందు మేక ఎందుకు ఒంటరిగా తిరుగుతుంది. ఎవరు రాశారో గానీ మేకలంటే ప్రాణం. ఖమ్మం ఇంకో పది నిమిషాలుందనగా చివరి పేజీ అయిపోయింది. ఎదురుసీటు ముసలావిడ మహబూబాబాద్ నుంచీ నన్నే చూస్తోంది.

"గంత మనసువెట్టి చదువుతానవు బిడ్డా, ఎన్ని మేకలున్నయి నీకు?"

యాభై అనాలని నోటిదాకా వచ్చింది.

"ఒక్కటీ లేదవ్వా" అన్నాను. "పుస్తకం మాత్రం మొత్తం చదివాను."