నలభై గుంటల పరీక్ష

రాయడం నాకు అలవాటు లేదు. తాడ్వాయి బడిలో నాలుగో తరగతితో నా చదువు ఆగిపోయింది, ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను, కాబట్టి నా రాత చూసి నవ్వుకోకండి. మొన్న మా తమ్ముడితో ఎల్లారెడ్డిలో విత్తనాల దుకాణానికి వెళ్తే, దుకాణం ఆయన తన ఫోన్ మా ముందుకు జరిపాడు. అందులోని విత్తనాల యాప్‌లో ఎకరాలకు ఒక గడి, గుంటలకు ఇంకో గడి. తమ్ముడు రెండూ నింపి మక్క విత్తనాల సంచుల కోసం లోపలికి పోయాడు, నేను మాత్రం ఆ రెండో గడినే చూస్తూ నిలబడిపోయాను.

పదేళ్ళ కింద ఆ గడి లేదు. అప్పుడు నేను కామారెడ్డిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఊడ్చి, చాయ్ పెట్టేదాన్ని. మా ఆయన పోయాక దొరికిన ఆధారం అదొక్కటే, అందుకే ఎవరికీ ఎదురు చెప్పకుండా మెలిగేదాన్ని. దోమకొండ నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి పని మాత్రం నాకు వింతగా ఉండేది. పొద్దున రాగానే ఒక మీట నొక్కితే తెరమీద వరసగా పచ్చ గుర్తులు పడేవి, ఎక్కడైనా ఎర్రది పడితే అందరూ ఆమె చుట్టూ మూగేవాళ్ళు. అడిగితే విసుక్కోకుండా చెప్పింది: చేనుకు ఎంత విత్తనం కావాలో రైతులకు చెప్పే యాప్‌కు యంత్రమే ప్రశ్నలు వేసి పరీక్ష పెడుతుందట, తప్పు దొరికినప్పుడల్లా అది మళ్ళీ రాకుండా ఇంకో ప్రశ్న చేర్చాలట, పాతబడిన ప్రశ్నలను బాగు చేసుకుంటూ ఉండాలట. మన మట్టిగోడలకు ఏటేటా పూత పూసినట్టే కదా అనుకున్నాను.

కానీ జవాబు సరైందని యంత్రానికెలా తెలుసు? గ్లాసులు కడుగుతున్నా అదే ఆలోచన. ఆగలేక అడిగేశాను.

“మనమే ముందు రాసి పెడతం అవ్వా, అది పోల్చి చూస్తది, గంతే.”

“మరి రాసినోళ్ళకే తెల్వకపోతే?”

“నా కొలువుకే ఎసరు పెట్టేటట్టున్నవ్ గదా” అని నవ్వి, కుర్చీ జరిపి, ఏదైనా కొట్టి చూడమంది.

మా చేను కొలత కొట్టాను. భూమి పాసుబుక్కులో ఉన్నట్టే, ఒకటి పక్కన చుక్క పెట్టి ఇరవై, అంటే ఎకరం ఇరవై గుంటలు. నలభై గుంటలకు ఎకరం కాబట్టి మాది ఎకరన్నర అని నా ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు. యాప్ మాత్రం ఆ ఇరవైని నూటికి ఇరవైగా పట్టి, ఎకరానికి కాస్త పైన మాత్రమే విత్తనం చూపింది. అయినా గుర్తులన్నీ పచ్చవే, ఎందుకంటే జవాబులు రాసినవాళ్ళూ బడిలో నేర్చిన లెక్కతోనే రాశారు.

మర్నాడే ఆ యాప్ దుకాణాలకు పోవాలి. అమ్మాయి నన్ను ఆఫీసు నడిపే సారు దగ్గరికి తీసుకుపోయింది. ఈ మాటతో నా పని పోతుందనుకుంటూనే ఆమె వెనకాల నడిచాను.

“చాయ్ పెట్టెటామె చెప్తే పని ఆపాల్నా?” అన్నాడు సారు.

“ఇరవై గుంటలకు ఇరవై గుంటలు కలిపి చూడుండ్రి సారూ” అన్నాను, నేల చూస్తూ.

ఆయన కొట్టి చూశాడు. ఎకరం కావలసిన చోట సగం కూడా రాలేదు. ఆయన వాళ్ళది భిక్నూర్ దగ్గర వ్యవసాయం చేసే ఇల్లే. “మా బాపుకు తెలిస్తే కట్టె పట్టుకొని వస్తడు” అన్నాడు. గుంటలకు వేరే గడి పెట్టేదాకా యాప్ ఆగింది, నా పని ఆగలేదు. పైగా ఆ రోజు నుంచి చాయ్ అయ్యాక నన్ను ఆ అమ్మాయి పక్కన కూర్చోబెట్టేవాళ్ళు. అన్నదమ్ములకు ఒకే బోరు ఉంటే ఎలా, ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ ఉంటే ఎలా అని నేను అడుగుతుంటే, ఆమె ఒక్కొక్కటే ప్రశ్నగా చేర్చేది.

తర్వాత ఆఫీసు హైదరాబాద్ పోయింది, నా పనీ అంతటితో అయిపోయింది. ఇప్పుడు ప్రశ్నలు కూడా యంత్రమే రాసుకుంటుందని ఆ అమ్మాయి ఫోన్‌లో చెప్పింది. చాలా తెలివైనదట. తెలియని ఊరి సంగతి అది ఎవరిని అడుగుతుందో, అసలు తనకు తెలియదని దానికి తెలుస్తుందో లేదో, నాకు చెప్పేవాళ్ళు లేరు. మొదటిసారి రాశాను, తప్పులుంటే మీరే సరిచేసుకుని చదువుకోండి, నన్ను మన్నించండి.