క్యారియర్ మీద మేనత్త

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టడానికి నాకింకా వయసు చాలదని తెలుసు. తల నెరిసినవాళ్ళు వాడుకోవాల్సిన మాట అది. కానీ మా ఇంటి ముందు తెల్ల కారు నిలబడి ఉండిన కాలాన్ని తలుచుకుంటే అది నా బతుకు కాదేమో, ఎవరి కథో ఎక్కడో చదివానేమో అనిపిస్తుంది. అందుకని ధైర్యం చేసి రాస్తున్నాను. ఆ రోజుల్లో మాకు కారు ఉండేది.

సరిగ్గా చెప్పాలంటే కాగితాల మీద మాత్రమే అది మాది. బోధన్‌లో మా బజారు మొత్తం దాన్ని 'మన కారు' అనేది. బాపు నౌకరీ నుంచి దిగిపోగానే సంబరంగా సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. నడపడం నేర్చుకోబోయిన మొదటి రోజే రోడ్డు మీద ఒక బర్రె ఎదురై నిలబడింది (బర్రె నిలబడింది గానీ బాపు నిలబడలేదు, కారుతో సహా పక్క చెరుకు తోటలోకి పోయాడు). ఆ తరువాత ఆయన పొద్దున్నే పాత లుంగీ ముక్కతో అద్దాలు తుడవడం తప్ప స్టీరింగ్ ముట్టలేదు. మా అవ్వ (అమ్మను మేం అవ్వ అనే అంటాం) ముందు సీట్లో కూర్చోవడానికే కళ్ళు మూసుకునేది. మిగిలింది నేను. నలుగురిలో నోరు తెరవడానికి సిగ్గుపడే దాన్ని, ఇంటికి చుట్టాలొస్తే పుస్తకం పట్టుకుని మేడ మెట్ల మీదికి పారిపోయే దాన్ని. అట్లాంటి దాన్ని బజారు మొత్తానికి డ్రైవర్‌నయ్యాను. హారన్ కొట్టాలన్నా నాకు బిడియమే. హారన్ అంటే నలుగురిలో అరవడమే కదా! ముందు ఎడ్లబండి పోతుంటే దాని వెనకే ఊరు దాటేదాకా మర్యాదగా పోయేదాన్ని.

పొద్దున తలుపు తీస్తే చాలు, ఎవరో ఒకరు గడప దగ్గర ఉండేవారు. "బిడ్డా, కారు ఖాళీగున్నదా?" అద్దం ముందు నిలబడి 'కుదరదు' అనే మాటను ఎన్నోసార్లు పలికి చూసుకున్నాను. అద్దంలో బాగానే వచ్చేది. గడప దగ్గరికి రాగానే అదే నోరు "ఉన్నదక్కా" అనేది. కాన్పు నొప్పులు పడుతున్న వాళ్ళను నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోయినందుకు నాకు ఏ చింతా లేదు. కానీ మోర్తాడ్ నుంచి పసుపు బస్తాలు, మొక్కు తీర్చడానికి పోయే మేకపోతు (అది దారి పొడుగునా నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది, పాపం దానికేం తెలుసు), ఎవరి పెండ్లికో ఎవరి అలమారో, అన్నీ ఆ కారులోనే. దింపి వెళ్ళిపోదామంటే "తినకుండ పోతవా బిడ్డా?" అని చెయ్యి పట్టి బంతిలో కూర్చోబెట్టేవారు. నోట్లో బగారన్నం ఉండగా ఎడమ పక్క ఆమె "నీ పెండ్లెప్పుడు?" అనేది. మింగేలోపు కుడి పక్క ఆమె కూడా అదే అడిగేది.

ఒక ఆదివారం చదువుకోవాలని కొత్త పుస్తకం దాచిపెట్టుకున్నాను. ఆ రోజే వెనక బజారు పెండ్లికొడుకు బరాత్ వచ్చిపడింది. కారుకు పూలు చుట్టారు, వెనక సీట్లో పెండ్లికొడుకును పెట్టారు, నేను బ్యాండు వెనక నడక వేగంతో నడుపుతున్నాను. "డ్రైవరమ్మా, దిగు, రెండు స్టెప్పులెయ్యి!" అని ఆడవాళ్ళంతా చుట్టుముట్టారు. లోపలి నుంచి తలుపు బిగించుకుని గేరులో ఏదో పాడైనట్టు కిందికి వంగాను. ఒక పెద్దమ్మ ఊరుకోలేదు. కిటికీలోంచి రెండు చేతులూ పెట్టి నా భుజాలు పట్టుకుని బ్యాండుకు సరిగ్గా ఊపింది. నేను కూర్చున్నచోటే ఆడాను. పెండ్లికొడుకు వెనక నుంచి చప్పట్లు కొట్టాడు.

మరునాడు పొద్దున బాపు అద్దాలు తుడుస్తుండగా అన్నాను, "బాపు, కారు అమ్మేద్దాం. నేను బడికి సైకిల్ మీద పోత." అప్పటికి నేను మా ఊరికి దగ్గర్లోని ఒక పల్లెటూరి బడిలో టీచరుగా చేరి ఏడాది కాలేదు. (పిల్లల ముందు నాకు సిగ్గు లేదు. వాళ్ళు పెండ్లెప్పుడని అడగరు.) బాపు లుంగీ ముక్క పిండి, తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు. చివరికి "అక్కను అడుగుదాం" అన్నాడు. అక్క అంటే మా మేనత్త. నిజామాబాద్‌లో ఉండి ఇక్కడి మా ఇంటిని నడిపే మనిషి. ఫోన్‌లో సగం మాట విని మిగతా సగం చెప్పడానికి బస్సెక్కి వచ్చేసింది.

"సైకిల్ అమ్మి కారు కొన్నోళ్ళను సూసిన. కారు అమ్మి సైకిల్ కొంటరా తమ్మీ ఎవలన్న? దివాల తీసిండ్రనుకోరా? మన ఇంటి ఇజ్జత్ ఏం గావాలె?" అంది చెప్పులు విడవకముందే. నా వైపు తిరిగి, "ఏమే పోరి, గింత సదివి సైకిల్ తొక్కుతవా?" అంది.

నేను గోడకేసి చూశాను. చెప్పాల్సినవన్నీ డైరీలో ముందు రోజే రాసుకున్నాను. ఒక్కటీ నోటికి రాలేదు. "నాకు సైకిలే ఇష్టం అత్తా," అని మాత్రం అన్నాను.

బాపు మధ్యేమార్గం పట్టాడు. ముందు కారు అమ్మి, మాఘమాసం దాటేదాకా చూద్దామన్నాడు. అప్పటివరకు నేను బడికి ఆలస్యం కావొద్దు, సైకిల్ వల్ల ఏ శుభకార్యంలోనూ ఇంటికి మాట రావొద్దు. ఈ రెండింటిలో ఏది తప్పినా కారు మళ్ళీ వస్తుంది. బ్రోకర్ దగ్గర ఒక ఎర్ర కారు కూడా చూసిపెట్టారు. ఆ ఎర్ర కారు వస్తే నడపాల్సింది నేనే. నా ఆదివారాలు, నా పుస్తకాలు, నా నోరు లేనితనం అన్నీ మళ్ళీ బజారు పాలే. మాఘమాసంలో అత్త కూతురి గృహప్రవేశం కూడా ఉందని అత్త నవ్వుతూ గుర్తుచేసింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

కారు పోయిన రోజు మా బజారులో అప్పగింతలు జరిగాయి. నిజం చెబుతున్నాను, బానెట్‌కు బొట్లు పెట్టారు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు, ఆ కారులో పుట్టింటికి వచ్చిన బాలింతలు ముగ్గురు పిల్లల్ని ఎత్తుకుని వరుసగా నిలబడ్డారు. పాలు పోసే అక్క కొంగుతో కళ్ళొత్తుకుని, "మన కారు పోతున్నది," అంది. బాపు మూల మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపాడు. ఆ సాయంత్రమే సైకిల్ కొన్నాను. క్యారియర్ వద్దని చెప్పాను, వెనక చోటుంటే కదా ఎవరైనా ఖాళీగా ఉందా అని అడిగేది! దుకాణం చాచా ఒప్పుకోలేదు. "క్యారియర్ లేని సైకిల్ ఏం సైకిల్ బేటీ? సంచి ఏడ పెడ్తవు?" అని బిగించేశాడు. వద్దని మళ్ళీ చెప్పాలంటే నోరు తెరవాలి. డబ్బులిచ్చి వచ్చేశాను.

ఆ తరువాతి రోజులు ఎట్లా గడిచాయో రాయాలంటే డైరీ చాలదు. నిజాంసాగర్ నుంచి వచ్చే కాలువ మా ఊరి పక్క నుంచి బడి ఊరి దాకా పోతుంది. ట్రాక్టర్లు, బండ్లు ఎక్కకుండా వంతెన పక్కన గట్టు మొదట్లో రెండు రాతి కడీలు పాతారు. సైకిల్ హ్యాండిల్‌ను ఒక పక్కకు తిప్పి, కొంచెం ఎత్తి తోస్తేనే ఆ సందులోంచి పడుతుంది. ఆ కడీలు దాటితే లోకం మొత్తం నాదే. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క పూతకొచ్చిన చెరుకు, మధ్యలో నేను. మనుషులెవరూ ఉండరు కాబట్టి పాటలు కూడా పాడేదాన్ని (కొంగలు లేచిపోయేవి, అయినా పాడేదాన్ని). ఒక్క రోజూ బడికి ఆలస్యం కాలేదు. బాపు మాత్రం కొన్నాళ్ళు పొద్దున్నే లుంగీ ముక్కతో బయటికొచ్చి ఖాళీ జాగా చూసి లోపలికి పోయేవాడు. తరువాత ఒక రోజు చూస్తే సైకిల్ బెల్లు తుడుస్తున్నాడు. నేను చూడనట్టే ఉన్నాను.

గృహప్రవేశం మా బడి ఉన్న ఊళ్ళోనే, ఆ రోజు బడికి సెలవు పెట్టాను. పది గంటల లోపు ముహూర్తం. తల్లి వచ్చి కొత్తింట్లో కూతురికి ఒడిబియ్యం పొయ్యాలి. అత్త పెద్ద కారు కిరాయికి మాట్లాడుకుని నిజామాబాద్ నుంచి వచ్చి, మా బాపును, అవ్వను ఎక్కించుకుంది. ముందు సీట్లో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవికె గుడ్డలు కట్టిన మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పోసేదాకా ఆ మూట నేల మీద పెట్టకూడదట. నాకు కిటికీలోంచి చివరి ఆజ్ఞ వేసింది. "నువ్వు సైకిల్ మీద వొస్తే రా, ఊరి బయటనే పెట్టి నడుసుకుంట రా. వియ్యంపురాలు సూస్తే నా మొకం ఏడ పెట్టుకోవాలె?"

కారు దుమ్ము లేపుకుంటూ పోయింది. నేను మెల్లగా బయలుదేరి కాలువ వంతెన దగ్గరికి చేరేసరికి రోడ్డు కనపడలేదు. రోడ్డు నిండా చెరుకే ఉంది. మిల్లుకు పోయే ట్రాక్టర్ ట్రాలీ వంతెన మీద ఒరిగి, మోపులన్నీ అడ్డంగా పడిపోయాయి. ఈ పక్క కార్లు, బస్సు, మోటార్ సైకిళ్ళు ఒకదాన్నొకటి అంటుకుని నిలబడ్డాయి. ముందుకు దారి లేదు, వెనక్కు తిరిగే జాగా లేదు. సగం మంది హారన్లు కొడుతున్నారు, మిగతా సగం మంది చెరుకు నములుతున్నారు. మధ్యలో కిరాయి కారు. అత్త మూటతో సహా కిందికి దిగి ట్రాక్టర్ అతన్ని తిడుతోంది. "నా బిడ్డ గడపల నిలవడ్డదిరా! ఎప్పుడు తీస్తవు?" అతను తల గోక్కుని, "మధ్యానం దాకా అయితది పెద్దమ్మా," అన్నాడు. అత్త మోకాళ్ళకు నడక పడదు. ఇంకా అంత దూరం ఉంది.

గట్టు కడీలు నా పక్కనే ఉన్నాయి. ఎవరూ నన్ను చూడలేదు. తల వంచుకుని సందులోంచి దూరిపోతే నేను సమయానికే చేరేదాన్ని, నా మీద మాట కూడా రాదు. అట్లాగే అనుకుని సైకిల్ తిప్పాను కూడా. అప్పుడే అత్త తిట్టడం ఆపింది. మూటను గుండెకు హత్తుకుని, ఏ దిక్కు చూడాలో తెలియక నిలబడింది. మా అత్త నోరు ఊరుకోవడం నేను పుట్టినప్పటి నుంచి చూడలేదు.

"అత్తా!" అని అరిచాను. హారన్లన్నీ దాటి వినపడిందట ఆ అరుపు. బస్సు కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. "గట్టు మీదికెల్లి పోదాం. రా, ఎక్కు!"

"సైకిల్ మీదనా?" అంది అత్త.

"సైకిల్ మీదనే."

అత్త వంతెన చూసింది, నన్ను చూసింది, బాపును చూసింది. "పో అక్కా," అన్నాడు బాపు, చెరుకు ముక్క చేత్తో పట్టుకుని. నేను సైకిల్‌ను కడీల మధ్య నుంచి తోసి నిలబెట్టాను. అత్త పట్టుచీరతో ఒక పక్కకు ఒరిగి క్యారియర్ మీద కూర్చోగానే ముందు చక్రం గాల్లోకి లేచింది. బాపు పరుగున వచ్చి హ్యాండిల్ అదిమి, వెనక నుంచి ఒక తోపు తోశాడు. పోయాం.

"మెల్లగ పోవే, కాలువల పడేస్తవా ఏంది! ... ఏందే గింత మెల్లగ, ముహూర్తం దాటిపోదా! జల్ది తొక్కు!" ఈ రెండు మాటలే దారి పొడుగునా. గట్టు మీద మేకలు అడ్డమొచ్చాయి. బెల్లు కొడితే అవి లెక్కచేయలేదు. "జరుగుండ్రి! జరుగుండ్రి!" అని అరిచాను. మేకలతో పాటు మేకలు కాసే తాత కూడా జరిగాడు. "నీకింత గొంతున్నదా పిల్లా? ఇన్నొద్దులు ఏడ దాసినవే?" అంది వెనక నుంచి అత్త. చెరుకు నరకడానికి మహారాష్ట్ర నుంచి వచ్చిన ఆడవాళ్ళు కొడవళ్ళు ఆపి నవ్వారు. "మావ్‌శీ, ధరూన్ బసా!" గట్టిగా పట్టుకుని కూర్చోమని. అత్త మూట ఒక చేత, నా నడుము ఇంకో చేత పట్టుకుని, వాళ్ళకు రాణిలాగా తల ఊపింది.

మేం ఊళ్ళోకి దూరేసరికి పంతులు వాకిట్లో నిలబడి గడియారం చూస్తున్నాడు. వదిన (అత్త కూతురు) కొత్త గడప దగ్గర కళ్ళనిండా నీళ్ళతో రోడ్డుకేసి చూస్తోంది. ఊరి బయట సైకిల్ ఆపే తీరిక ఎక్కడిది? తిన్నగా పందిరి కిందికే పోయాం. వియ్యంపురాలి కాళ్ళ ముందు బ్రేకు పడింది. అత్త దిగింది, పట్టుచీర అంచుకు చైను నల్లమరక, జడలో చెరుకాకు. మూట మాత్రం నేల తాకలేదు. "అమ్మా!" అని వదిన వచ్చి పట్టుకుంది. ముహూర్తానికి ఒడిబియ్యం పడ్డాయి. పసుపు బియ్యం వదిన ఒడిలో పడుతుంటే నేను సైకిల్ హ్యాండిల్ పట్టుకుని వగరుస్తూ చూశాను. దిగి మూలకు పోవాలని ఆ రోజు గుర్తే రాలేదు.

మిగతా చుట్టాలు మధ్యాహ్నం దాటాక చెప్పులు చేత పట్టుకుని, చెరుకు నములుతూ నడిచొచ్చారు. అప్పటికే అత్త కథ పెద్దదైపోయింది. "నేనే అన్న, ఏయ్ పిల్లా, కారుల ఏమున్నది, సైకిల్ తియ్యి, గట్టు మీదికెల్లి పోదామని!" వియ్యంపురాలు నోరు తెరిచి విన్నది. నేను కాదనలేదు. నాకు కావాల్సింది బాపు నోటి నుంచి రావాలి. ఆయన నా పక్కన కూర్చుని బగారన్నం కలుపుకుంటూ బ్రోకర్‌కు ఫోన్ చేశాడు. "గా ఎర్ర కారు ఎవలకన్న ఇచ్చెయ్యన్నా. మాకొద్దు." ఎడమ పక్క ఆమె నా వైపు వంగి "నీ పెండ్లెప్పుడు?" అంది. "నాకు తెలిసినప్పుడు చెప్త పెద్దమ్మా, ముందు గా పప్పు ఇటియ్యుండ్రి," అన్నాను. పప్పు వచ్చింది.

మరునాడు తలుపు తీస్తే గడప దగ్గర పాలు పోసే అక్క ఉంది. "బిడ్డా, సైకిల్ ఖాళీగున్నదా? జర బస్టాండ్ దాకా..." చేతిలో పుస్తకం ఉంది, ఆదివారం. "ఇయ్యాల కుదరదక్కా," అన్నాను. అద్దంలో వచ్చినంత బాగానే వచ్చింది. ఆమె ఏమీ అనుకోలేదు, నడుచుకుంటూ పోయింది. లోపల బాపు సైకిల్ హ్యాండిల్‌కు నిమ్మకాయ, మిరపకాయలు కడుతున్నాడు. దిష్టి తగులుతుందట.

ఇప్పటికీ గట్టు మీద పోతూ ఉంటే అవతలి రోడ్డు మీద ఎడ్లబండి వెనక నెమ్మదిగా పోయే ఏదో ఒక కారు కనపడుతుంది. హారన్ కొట్టడానికి బిడియపడి, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, వెనక సీట్లో ఎవరి మేకనో మోస్తూ పోతున్న ఆ పిల్ల అందులో ఉన్నట్టే ఉంటుంది. నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా వేస్తుంది. కడీల దగ్గర ఎప్పుడైనా ఎదురైతే ఏం చెప్పాలో ఆలోచించి పెట్టుకున్నాను. ఏమీ చెప్పను. సైకిల్ ఆపి, క్యారియర్ మీది దుమ్ము కొంగుతో తుడిచి, "ఎక్కు," అంటాను.