చీజ్ దుకాణంలో పెద్దక్క

చీజ్ దుకాణంలో కౌంటర్ వెనక నిలబడే ఆమె అందరికీ పెద్దక్కే. నీలి చారల చీజ్ అడిగితే చాలు, చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని "ఎవరికండీ?" అంటుంది. ఆ నీలం బూజు కావాలని పెంచిందేననీ, గులాబీ మచ్చలు కనిపిస్తే మాత్రం పారేయాలనీ ఓపిగ్గా చెబుతుంది. నిన్న ఒకాయన విసుక్కుంటూ, "మా ఆవిడకి. కడుపుతో ఉంది, అదే కావాలంటోంది" అన్నాడు. పెద్దక్క కోసిన ముక్కను వెనక్కి తీసుకుంది. "ఇప్పుడు పచ్చిగా వద్దు బాబూ, బిడ్డకి ప్రమాదం. పొగలు కక్కేదాకా ఉడికించి పెట్టు" అంది. ఇవాళ ఆయన భార్యే వచ్చింది. చల్లటి చీజ్ కోసి కోసి చల్లబడిపోయిన పెద్దక్క వేళ్లను రెండు చేతుల్లోకి తీసుకుని, "మా అమ్మ లేదక్కా. ఇది తినకు అని చెప్పే మనిషి ఉంటే ఎలా ఉంటుందో నిన్న తెలిసింది" అంది. ఆ మాటకే పెద్దక్కకి కడుపు నిండిపోయింది. స్టూలు ముందుకు లాగి, "కూర్చో తల్లీ, పొద్దున్నించీ ఏమైనా తిన్నావా?" అంది.