తెల్లమెట్ల రాక్ పియానో

ఆ రోజుల్లో ఏలూరు మొత్తానికి రాక్ పియానో నేర్పే గురువుని నేనొక్కణ్ణే. నేర్పమని అడిగేవాళ్లు కూడా లేరు కాబట్టి నా స్థానానికి ఢోకా ఉండేది కాదు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. దెందులూరు, ఉండి ఊళ్ల వైపు పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాకి కీబోర్డు వాయిస్తూ, జుట్టు భుజాల దాకా పెంచి (నా విద్వత్తులో సగం అదే), గుమ్మానికి ‘రాక్ పియానో నేర్పబడును’ అని బోర్డు కట్టాను. అసలు పియానోకి దండం పెట్టేంత దగ్గరికి కూడా నేనెప్పుడూ వెళ్లలేదు.

బోర్డు చూసి వచ్చిన ఏకైక శిష్యురాలు మహిళా కళాశాలలో లెక్కలు చెప్పే మేడమ్. రిటైర్మెంటుకి దగ్గరపడ్డారు. “ఇన్నేళ్లూ నన్ను చూసి పిల్లలు భయపడ్డారండీ. వెళ్లిపోయే ముందు వార్షికోత్సవంలో ఒక్కసారి వాళ్లతో కలిసి గోల చెయ్యాలనుంది మాస్టారూ” అన్నారు. మాస్టారు అన్న మాటకే నేను పడిపోయాను.

“ఈ నల్లమెట్లు ఎందుకండీ?” అని మొదటిరోజే నా కీబోర్డు చూపించి అడిగారావిడ. “అవి శాస్త్రీయానికండీ. రాక్‌లో వాటితో పని లేదు” అన్నాను. నిజానికి వాటి మీద నాకు వేళ్లు ఆడేవి కావు. పాడేవాళ్లు శ్రుతి మార్చమంటే మా ఆర్కెస్ట్రాల్లో ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కేస్తాం. వేళ్లు ఉన్నచోటే ఉంటాయి, శ్రుతి మారుతుంది. ఆ బటన్నే మహావిద్యలా ఆవిడకి ఉపదేశించాను.

వార్షికోత్సవం రోజు మధ్యాహ్నం తెర లేచింది, కరెంటు పోయింది. కీబోర్డు మూగబోయింది. వేదిక మూల ఎలుకలు దయతలచి వదిలేసిన పాత పియానో ఉంది. “దానికి కరెంటు అక్కర్లేదు కదండీ” అన్నారు ప్రిన్సిపల్. మేడమ్ కూర్చుని మొదలుపెట్టారు. పాడే అమ్మాయి వంగి, “బాగా కిందుంది మేడమ్, శ్రుతి అరకట్ట పెంచండి” అంది. మేడమ్ పియానో పైన తడిమారు, పక్కన తడిమారు. చివరికి హాలంతా వినబడేలా, “మాస్టారూ, దీనికి బటన్ ఎక్కడుందండీ?” అన్నారు.

తెర పక్కనుంచి నేను చాలా గంభీరంగా, “పాత మోడలండీ, కొన్నప్పుడే విడిగా తీసుకోవాల్సింది” అన్నాను.

“అయితే మీరొచ్చి వాయించండి.”

వెళ్లాను. ఆ మెట్లకేసి చూశాను. జుట్టు వెనక్కి తోసుకున్నాను (అదొక్కటే వచ్చు). “నాకూ రాదండీ” అన్నాను. మైకు లేని హాల్లో నా గొంతు అంత స్పష్టంగా మునుపెన్నడూ వినబడలేదు.

మేడమ్ పిల్లలవైపు తిరిగారు. “అమ్మాయిలూ, మా మాస్టారికీ నాకూ వచ్చింది ఇంతే. మీరే శ్రుతి కిందికి దిగి పాడండమ్మా.”

హాలు గొల్లుమంది. తర్వాత అంతమంది ఆడపిల్లలూ మగగొంతులు పెట్టి, బల్లలు బాదుతూ పాడారు. ఆ గోల మధ్య ఆవిడ కళ్లజోడు జారిపోతున్నా ఆపకుండా వాయించారు. వేదిక దిగి వచ్చాక, “మీరెందుకు పాడలేదండీ?” అని అడిగారు.

“సిగ్గేసిందండీ.”

“నాకూ వేసింది. మొదటి చరణం దాకానే ఉంటుందండీ అది.”

ఆ జుట్టు కుర్రాడు, అంటే అప్పటి నేను, ఇప్పుడు ఎదురైతే చెవి మెలిపెట్టాలనే అనుకుంటాను. తీరా అంత గోలలోనూ నోరు విప్పకుండా తెర అంచు పట్టుకుని నిలబడ్డ వాడి మొహం గుర్తొస్తే మాత్రం నవ్వొచ్చి, పోనీలే పాపమని వదిలేస్తాను.