సెకండ్ సర్వీసు

తెనాలి బస్టాండులో నా పక్కన ఒకమ్మాయి టెన్నిస్ రాకెట్ల సంచి ఒళ్లో పెట్టుకుని, ఫోనులో వాళ్ల నాన్నతో మాట్లాడుతోంది.

"ప్రొఫెషనల్‌గా ఇది మూడో పోటీ నాన్నా, మళ్లీ ఓడిపోయా. ఫస్ట్ సర్వీసు పోగానే భయంతో సెకండ్ సర్వీసు కూడా పాడుచేశా. ఇంక మానేస్తా."

అటుపక్క కూర్చున్న మామ్మగారు కల్పించుకున్నారు. "ఫస్ట్ సర్వీసు పోతే పోయిందిలే అమ్మాయ్. రేపల్లెకి సెకండ్ సర్వీసు ఉందిగా, సీటు కూడా దొరుకుద్ది!"

ఆ అమ్మాయి ఏడుస్తూనే నవ్వేసింది. "బస్సు కాదు మామ్మగారూ, ఆటలో. మొదటి బంతి నెట్‌కి తగిలితే ఇంకోటి కొట్టనిస్తారు."

"ఇంకోటి ఇస్తారా? మరి ఏడుపేంటే?"

ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంది. తర్వాత ఫోనులో, "నాన్నా, వచ్చేవారం పోటీకి నా పేరు ఉంచేయండి" అంది.

నేను బాపట్లలో టీచరుగా చేరిన రోజు, మొదటి మాటే తప్పు పలికాను. పిల్లలు నవ్వారు. మంచినీళ్లు తాగి, మళ్లీ మొదలుపెట్టాను.

బిడియంతో ఆ అమ్మాయి పేరు అడగలేదు. అందుకే ఆటల పేజీలో టెన్నిస్ గెలిచిన ప్రతి అమ్మాయినీ ఆమే అనుకుని సంతోషిస్తుంటాను.