ఏనుగుకి ఫేషియల్ చేసిన వైనం

ఆ రోజుల్లో, లోకంలో ఏదైనా సరే రెండు పాళ్ళు తెల్లగా చేస్తే బాగుపడుతుందని నాకు గట్టి నమ్మకం. ఇరవై రెండేళ్ళ వయసు. మదనపల్లెలో ఒక ఫోటో స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని పెండ్లి ఆల్బమ్‌లు దిద్దే పని. ఓనరన్న నాకు నేర్పిన విద్య ఒక్కటే: మనుషుల్ని తెల్లగా చెయ్, వెనక పచ్చగా చెయ్, ఎవురూ గొడవకి రారు. నిజంగానే ఎవరూ రాలేదు. ఎండకు కమిలిపోయిన పెద్దమండ్యం పెండ్లికొడుకులు నా చేతిలో పడి మీగడ రంగులో బయటికొచ్చేవాళ్ళు, వాళ్ళ వెనక ఉన్న బీడు భూములు ఊటీ అయిపోయేవి. (ఒకసారి పెండ్లికూతురి మేనమామను తెలుపు చేసీ చేసీ మొహమే లేకుండా చేసేసినాను. మీసమూ చొక్కా మాత్రం మిగిలినాయి. ఆయనకు అదే తెగ నచ్చింది.)

అట్లాంటి నా దగ్గరికి పుంగనూరు నుంచి లెక్కల సారు వచ్చినాడు. బళ్ళో నాకు లెక్కలు చెప్పిన మనిషే. రిటైరైనాక మోచేయంత లెన్సు కొనుక్కొని సఫారీ జీపులెక్కి అడవులెంబడి తిరిగేవాడు. కుప్పం పక్క కొండల్లో తీసిన ఒంటి ఏనుగు ఫోటో ఒకటి పెన్‌డ్రైవ్‌లో తెచ్చినాడు. ఎదురెండలో తీసినందువల్ల ఆకాశమంతా తెల్లగా వెలిసిపోయింది, ఏనుగు చూస్తే బొగ్గు కుప్ప. వెలుతురు సరిచెయ్యమ్మా, ఏనుగూ దాని కింద నేలా తెలిస్తే చాలు అన్నాడు. ఎందుకో కూడా చెప్పినాడు. ఆ కొండ కిందే మా మేనత్త వాళ్ళ ఊరు. ఎండాకాలం వస్తే ఆ ఏనుగు దిగొచ్చి టమోటా తోటలు తొక్కేసేది. పైన కుంట ఎండిపోయింది, అక్కడే ఒక నీళ్ళ తొట్టి కట్టించండని ఊరోళ్ళు అటవీ శాఖ అధికారిని అడుగుతాంటే, కుంట ఎండిందనేదానికి సాక్ష్యం చూపించమన్నాడంట ఆయన. ఏనుగు నిలబడింది ఆ కుంటలోనే కాబట్టి, ఆ సాక్ష్యం ఈ ఫోటోనే. అంతా విన్నాను. బుద్ధిగా తలూపినాను కూడా.

నీడల్లో వెలుతురు కొంచెం పెంచేసరికి ఏనుగు కనిపించింది. అక్కడ ఆగి ఉంటే చెప్పుకోడానికి ఏమీ ఉండేది కాదు. కానీ నా చెయ్యి ఆగే చెయ్యా? ఒళ్ళంతా ముడతలు. పెండ్లికూతురి అమ్మలకు వాడే బ్రష్షు తీసుకుని ఒక్కొక్క ముడతా సాపు చేసినాను. డొక్కల్లో ఎముకలు కనపడతా ఉంటే మచ్చలనుకొని నింపేసినాను. ఏనుగు పదహారేళ్ళ పడుచుపిల్ల మాదిరి తయారైంది. గడ్డి ఎండిపోయి ఉంటే పచ్చదనం పెంచినాను. కుంటలో నెర్రెలు కంటికి బాగాలేవని చెరిపేస్తే ఆ చోటు బోసిగా అనిపించి, కొంచెం నీలం పోసినాను. మబ్బులేమో రామసముద్రం పెండ్లి ఆల్బమ్‌లోంచి తెచ్చినాను. ఓనరన్న వెనక నిలబడి చూసి, తాళి కట్టేదొకటే తక్కువని మెచ్చుకున్నాడు.

మంచం అంత ప్రింటు తీసి, చుట్ట చుట్టుకొని, నేనే మోసుకుపోయినాను. (పొగడ్తలు వినాల కదా.) పుంగనూరులో బస్సెక్కిన సారు ఒకసారి చూపించమంటే, ఆడికి పోయినాక చూద్దురులే సార్ అని దాచుకున్నాను.

మేనత్త వాళ్ళ ఊరి బడి వరండాలో అధికారి ముందర జనం నిండుగా కూర్చోనుండారు. సారు లేచి, ఎండిన కొండ గురించి నాలుగు మాటలు చెప్పి, ప్రింటు విప్పినాడు. అధికారి కళ్ళజోడు సవరించుకొని చాలాసేపు చూసినాడు. "ఇన్ని నీళ్ళుంటే ఇంక తొట్టి ఎందుకండీ?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఫైలు మూసేసినాడు.

మా మేనత్త ఫోటో దగ్గరికి వచ్చి, గడ్డిని వేలితో తాకి చూసింది. "ఇంత మేత ఆడనే ఉంటే ఇది నా తోటకి యాల వస్తాది పాపా?" అని నన్నే అడిగింది. జనమంతా సారుని అబద్ధాలకోరుని చూసినట్టు చూస్తాండారు. ఆయన నన్ను చూపించి ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. తల దించుకొని ప్రింటు చుట్టుకుంటాండాడు. ఆ సిగ్గు నేను ఓర్చుకోలేకపోయినాను.

లేచి నిలబడి, "ఆ పచ్చ నేను పూసింది సార్. నీళ్ళు కూడా నావే," అన్నాను.

ఊరంతా పగలబడి నవ్వింది. అధికారి నవ్వు ఆపుకుంటా, అసలుది ఉందా అని అడిగినాడు. పెన్‌డ్రైవ్, ఓనరన్న ల్యాప్‌టాప్ నా సంచీలోనే ఉండాయి. (పనిలో పనిగా ఇంకో నాలుగు ఆల్బమ్‌లు చూపించుకుందామని తెచ్చుకున్నాను. చూపించే మొహం ఇంకెక్కడిది?) అందరూ నా చుట్టూ మూగినారు. ఆకాశంలో వెలుగు తగ్గించినాను, నీడల్లో కొంచెం పెంచినాను. అంతే. రంగుల మీద చెయ్యి వేస్తే ఊరోళ్ళు ఊరుకుంటేనా? మా మన్ను అంత ఎరుపుండదు, తగ్గించు అని ఒకరు. ఆ గడ్డి బూడిద రంగులో ఉండాల, నేను దినామూ ఆడనే మేకల్ని తోల్తాను అని ఇంకొకరు. పెండ్లోళ్ళు కూడా నన్ను అంత సతాయించలేదు. చివరికి కొండ కొండలాగా వచ్చింది. కుంటలో నెర్రెలు. ఆ నెర్రెల్లో తొండం పెట్టి తడి కోసం వెతుకుతాండాది ఏనుగు. డొక్కల్లో ఎముకలు లెక్కపెట్టచ్చు.

నాలుగు ఎండాకాలాలుగా దాన్ని నోటికొచ్చినట్టు తిట్టిన మా మేనత్త, తెర ముందు కూలబడిపోయింది. "డొక్కలు అంటుకుపోయిండాయే నాయినా," అంది. అధికారి ఫైలు మళ్ళీ తెరిచినాడు. ఆ వేసవి ముగిసేలోపల కొండ మీద తొట్టి కట్టినారు.

ఇప్పుడు నాకు సొంత స్టూడియో ఉంది. సఫారీలకు పోయేవాళ్ళు బెంగళూరు నుంచి కూడా నాకు ఫోటోలు పంపిస్తారు, ఈమె రంగు చెడగొట్టదని పేరు. (పెండ్లికూతుళ్ళ సంగతి అడగద్దు, ఆడ ఇంకా ఊటీనే నడుస్తాంది.) అప్పుడప్పుడూ ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల గుర్తొస్తుంది. రెండు తగిలిద్దామనుకుంటాను, అంతలోనే నవ్వొస్తుంది. తన ముందుకొచ్చిన ప్రాణమేదైనా అందంగా కనపడాలనే దాని తాపత్రయమంతా. పాపం, ఏనుగు ఆకలిని కూడా మచ్చే అనుకొని తుడిచేసింది.