మాటల్లేని గుర్రాల సినిమా

మస్కట్‌ను తుఫాను ముంచి పోయిన మరుసటి ఏడాది నేను అల్ హైల్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరాను. ఆ ఇంటి ముసలమ్మను చూసుకోవడమే నా డ్యూటీ. పక్షవాతంతో ఆమెకు కుడిచెయ్యి, మాట రెండూ పడిపోయాయి. అక్కడ ఇంటి ఆడవాళ్లను మామా అని పిలవాలి. మా కడపలో మామ అంటే మగమనిషి. మొదట్లో అలా పిలిచినప్పుడల్లా నాకు నవ్వొచ్చేది. ఎందుకు నవ్వొస్తోందో చెప్పుకోవడానికి మాత్రం ఎవరూ లేరు.

పొద్దున్నే అందరూ ఆఫీసులకూ కాలేజీకీ పోతే సాయంత్రం దాకా మేమిద్దరమే. ఆమెకు మాట రాదు, నాకు ఆమె భాష రాదు. ఒక్కోసారి బాత్‌రూమ్‌లో కొళాయి తిప్పి, నా గొంతు వినడానికి నా పేరు నేనే పిలుచుకునేదాన్ని.

కాలేజీలో చదివే మనవరాలు ఒకరోజు ఒక డిస్కు తెచ్చి పెట్టింది. రంగుల్లేని బొమ్మ. పెద్ద టోపీల మగవాళ్లు, కర్రల కంచె, దుమ్ము, ఎగిరెగిరి మనిషిని కింద పడేసే గుర్రాలు. సౌండ్ రావడం లేదని నేను రిమోట్ నొక్కుతుంటే ఆ పిల్ల నవ్వింది.

"చెడిపోలేదు. ఎప్పటిదో అమెరికా సినిమా. అప్పట్లో సినిమాలకు మాటల్లేవు," అంది మా ఇద్దరికీ వచ్చిన కాస్త హిందీలో. "మా తాతకు గుర్రాలుండేవి. నానమ్మ చూస్తుందేమోనని తెచ్చా."

ముసలమ్మ రెప్ప వెయ్యకుండా చూసింది. మర్నాటి నుంచి మధ్యాహ్నం అన్నం తినగానే ఎడమచేత్తో టీవీ వైపు చూపించేది.

కథ చిన్నదే. ఎవరికీ లొంగని గుర్రం ఒకటి. పని వెతుక్కుంటూ వచ్చిన కుర్రాడొకడు దాన్ని ఎక్కుతానంటాడు. పడతాడు, లేస్తాడు, మళ్లీ పడతాడు. చివరికి జాతరలాంటి పెద్ద పోటీలో దాని వీపు మీద నిలుస్తాడు. గుర్రం యజమాని కూతురు కంచె అవతల నిలబడి చూస్తుంటుంది. మధ్యమధ్య ఇంగ్లీషు అక్షరాలొస్తాయి. చదవడం ఆమెకూ రాదు, నాకూ రాదు.

ఎన్నోసారి చూస్తున్నామో, కుర్రాడు జీను మీద ఊగిపోతుంటే నా నోరు ఊరుకోలేదు.

"పట్టుకోరా సామీ, గట్టిగా పట్టుకో! పడితే నడుములిరుగుతాయి!"

ముసలమ్మ నా వైపు తిరిగింది. కోప్పడుతుందనుకున్నాను. ఆమె నా నోటిని చూపించి, టీవీని చూపించింది. మాట్లాడమని.

ఆ రోజు నుంచి అందరికీ మాటలు నావే. యజమానికి మా ఊరి చౌకదుకాణం ఆయన గొంతు, కుర్రాడికి మా తమ్ముడి గొంతు. గుర్రాన్ని నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. ముసలమ్మ భుజాలు కదిలేట్టు నవ్వేది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఆ ఇంట్లో నా తెలుగు వినే మనిషి ఆమే.

ఒక మధ్యాహ్నం, కథ మధ్యలో కుర్రాడు ఒంటరిగా ఊరు విడిచి పోతుంటే, కంచె దగ్గరి పిల్ల గొంతుతో అన్నాను. "యాడికైనా పో. పిలిస్తే పలికేవాళ్లు లేని చోట ఉండి చూడు, అప్పుడు తెలుస్తాది." చున్నీ మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ముసలమ్మ రిమోట్ అందుకుంది. ఎడమ బొటనవేలితో వెనక్కి నొక్కి నొక్కి, లావుపాటి వాడొకడు గుర్రం మీంచి నీళ్లతొట్టిలో పడే చోట ఆపింది. నా మోకాలు తట్టి చూడమంది. నేను నవ్వేదాకా ఆ ముక్కే తిప్పి తిప్పి వేసింది.

చలికాలంలో ఆమె పెద్దకొడుకు వచ్చి ఆమెను సోహార్ ఊళ్లో తన ఇంటికి తీసుకుపోయాడు. అక్కడ వేరే పనిమనిషి ఉంది. డిస్కు ఆమె సంచిలో పెట్టి పంపాను. కొన్నాళ్లకు మనవరాలు ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"నానమ్మ సినిమా పెట్టగానే అందరి నోళ్లూ చూపిస్తోందట. ఏం కావాలో అక్కడెవరికీ తెలియడం లేదు. నీకు తెలుసా?"

"మొదటినుంచీ పెట్టమను," అన్నాను.

స్టవ్ ఆర్పేసి, ఫోన్ చెవికి పెట్టుకుని, కుర్రాడు గేటు తోసుకుని వచ్చే దగ్గర్నుంచి మొదలుపెట్టాను. బొమ్మ చూడాల్సిన పని లేకపోయింది. అవతల ఆమె ఊపిరి వినిపించింది, అప్పుడప్పుడూ నవ్వు.

ఆ ఫోన్ ఇంకో రెండుసార్లు వచ్చింది. ఎండలు ముదరకముందే ఆమె పోయిందన్నారు. ఇంట్లోవాళ్లంతా సోహార్ బయల్దేరారు. నన్నూ తీసుకెళ్లమందామనుకున్నాను. ఆమెకు నేనేమవుతానని అడగను? వాళ్లు తిరిగొచ్చేదాకా తుడిచిన గదులే మళ్లీ తుడిచాను.

వచ్చిన రోజు మనవరాలు నా పక్కన నేలమీద కూర్చుంది.

"నానమ్మతో ఫోన్‌లో ఏం మాట్లాడేదానివి?"

"సినిమా కథే," అన్నాను. అంతకుమించి చెప్పడానికి నాకొచ్చిన హిందీ చాల్లేదు.